నెట్టు దించలేదు



ఈ నెల మేము షటిల్ ఆటను గూర్చి వ్రాస్తున్నామంటే కొందరు పెద్దలు కళ్లజోడు సర్దుకొని, ఇది మన పత్రికేనా అని అట్ట తిప్పి చూస్తారేమో. పౌలు భక్తుడు పరుగు పందెమును గూర్చి, ముష్టి యుద్ధమును గూర్చి కొరింథు సంఘమునకు వ్రాసి యున్నాడు గనుక మాకు ఆ మాత్రపు స్వాతంత్ర్యము ఉన్నదని తలుస్తున్నాము. అయితే మేము చెప్పబోయేది నిలబడి ఆడే ఆట కాదు. చక్రాల కుర్చీలో కూర్చుండి ఆడేది.

జపాను దేశములో చిబా అనే ప్రాంతమున్నది. అందులో యచిమత అనే ఊరు వేరుశెనగకు పేరుపడినది. శెనక్కాయల సంగతి మన పెనుకొండ, ధర్మవరం రైతులకు మేము వేరే చెప్పనక్కర లేదు. ఆ ఊరి బిడ్డ సారినా సతోమి. 1998 ఏప్రిల్‌లో పుట్టింది. బడిలో చదువుకొనే రోజుల్లో షటిల్ ఆడేది. 2016లో, ఉన్నత పాఠశాల చదువు ఇంకా ముగియక మునుపే, వాహన ప్రమాదములో ఆమె వెన్నుపాము దెబ్బతిన్నది. కాళ్లు స్వాధీనము తప్పినవి. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేండ్లు.

పద్దెనిమిదేండ్ల ఆడపిల్లకు ఇట్లు జరిగితే మన ఇండ్లలో ఏమవుతుందో చదివేవారికి తెలుసు. ముందు ఆసుపత్రులు, తర్వాత పసరు మందులు, ఆ తర్వాత వసారాలో ఒక మంచము. ఆ మంచము దగ్గరికి ఇరుగు పొరుగు వచ్చి "అయ్యో తల్లీ" అని పోతారు. సతోమి ఇంటిలో మరొక సంగతి జరిగింది. చక్రాల కుర్చీలో కూర్చుండి కూడ షటిల్ ఆడవచ్చునని చెప్పి, వెళ్లి ఆడమని ప్రోత్సహించినవాడు ఆమె తండ్రి. 2017లో ఆమె ఆ ఆట మొదలుపెట్టింది. రెండే సంవత్సరములలో, 2019 ఆగస్టులో, స్విట్జర్లాండు దేశపు బాసెల్ పట్టణములో ప్రపంచ విజేత అయినది.

బాసెల్ అనగానే కొందరు యౌవనస్థులకు జ్ఞాపకము వచ్చి యుండవలెను. మన పి.వి. సింధు ప్రపంచ విజేతగా గెలిచినది అదే నెలలో, అదే పట్టణములో. ఆ వార్త టీవీలో చూడని ఊరు లేదు. అదే బాసెల్‌లో మానసి జోషి అనే మరొక భారతీయురాలు కూడ ప్రపంచ విజేతగా గెలిచినది. 2011లో ముంబైలో రోడ్డు ప్రమాదములో ఆమె ఎడమ కాలు పోయినది. కృత్రిమ కాలు తొడుగుకొని, నిలబడి ఆడే తరగతిలో గెలిచినది. ఆమె అభ్యాసము చేసినది మన హైదరాబాదులో, సింధు నేర్చుకొన్న గోపీచంద్ గారి అకాడమీలోనే. సింధు గెలిచిన రోజున మన గ్రామాలలో మిఠాయిలు పంచారు. మానసి పేరు ఈ పుటలో మొదటిసారి చదువుతున్నవారే ఎక్కువమంది యుందురు. తప్పు ఎవరిదని వెదకుట మా పని కాదు గాని, ఈ తేడాను మీరు ఒకసారి మనసున పెట్టుకొనండి.

ఇప్పుడు ఆటను గూర్చి చెప్పవలెను. మేము ఈ వ్యాసము వ్రాయుటకు కారణము ఆ పతకముల కంటె ఆ ఆట నియమములే.

చక్రాల కుర్చీలో ఒంటరిగా ఆడేవారికి కోర్టు వెడల్పును సగము చేశారు. కుర్చీ ముందుకు వెనుకకు పోవుట సులభము, ప్రక్కకు జరుగుట కష్టము; అందుకే ఆ సవరణ. నెట్టుకు ఆనుకొని ముందున్న పట్టీలో షటిల్ పడితే అది చెల్లదు. కుర్చీతో అంత దగ్గరకు దూసుకొని పోయి ఆపుట సాధ్యము కాదు గనుక. కుర్చీ కూడ మన ఆసుపత్రులలోని కుర్చీవలె ఉండదు. దాని చక్రములు క్రింద ఎడముగా, పైన దగ్గరగా వాలి యుంటవి. వెల్లకిల పడకుండ వెనుక ఒక చిన్న చక్రము పెట్టుకోవచ్చును. ఆడేవారు నడుమునకు, కాళ్లకు పట్టీలు బిగించుకొంటారు. రాకెట్టు పట్టిన చేతితోనే చక్రమును కూడ త్రోయవలెను. చేయి మీద చేయి వేసికొని చూస్తే సులభమనిపిస్తుంది. ఒక గంట త్రోసి చూచినవారి అరచేతులను అడగండి.

ఇన్ని సవరణలు చేసినవారు ఒక్కదానిని మాత్రము ముట్టలేదు. నెట్టును దించలేదు. నిలబడి ఆడేవారికి నడుమ ఐదడుగుల ఎత్తున్నట్లే, కూర్చున్నవారికి కూడ ఐదడుగులే. ఇరవై యొక్క పాయింట్లంటే వారికి కూడ ఇరవై యొక్కటే. షటిల్‌ను కొట్టే సమయములో దేహము కుర్చీని విడిచి లేవరాదు, లేస్తే తప్పు. ఎదుటి ఆటగత్తె జాలిపడి మెల్లగా కొట్టదు. నడుము బలము లేనివారు వెనుకకు వాలి కొట్టుట కష్టము గనుక, సరిగ్గా తలమీదుగా వెనుకకే కొడుతుంది. కుర్చీని వెనుకకు లాగి దానిని అందుకొనుటయే ఈ ఆటలోని గొప్ప విద్య.

అందుకు తగిన స్థలమును, తగిన కుర్చీని ఇచ్చారు; పనిని మాత్రము పూర్తిగా అడిగారు. మనము దీనికి సరిగ్గా తలక్రిందులు చేస్తున్నామని మాకు తోచుచున్నది. స్థలము ఇవ్వము, పనియు అడగము, జాలి మాత్రము ధారాళముగా పోస్తాము.

షటిల్ ఆటను పారాలింపిక్స్‌లో చేర్చవలెనని 2014లో నిర్ణయించారు. కరోనా వలన ఒక సంవత్సరము వాయిదాపడి, 2021లో టోక్యోలో జరిగిన పోటీలలో మొదటిసారిగా ఆడారు. సతోమికి అది స్వదేశమే గాని, సాధారణ ప్రేక్షకులను లోపలికి రానీయలేదు. తుది పోటీలో థాయిలాండు దేశస్థురాలు సుజిరత్ పుక్ఖం ఎదురుపడినది. మొదటి ఆటను సతోమి ఓడిపోయి, తక్కిన రెండును గెలిచి బంగారు పతకము పొందినది. మూడు సంవత్సరముల తర్వాత, 2024 సెప్టెంబరులో పారిస్ నగరములో మరల వీరిద్దరే తుది పోటీకి వచ్చారు. మరల మొదటి ఆటను ఓడిపోయినది. మరల తక్కిన రెండును గెలిచినది! మొదటి ఆట ఓడగానే రాకెట్టు సంచిలో పెట్టుకొనే మనబోటివారు ఈ సంగతిని రెండుసార్లు చదువవలెను.

టోక్యోలో ఆమెకు రెండవ బంగారు పతకము కూడ వచ్చినది. అది జంటల ఆటలో. మా మనసును అన్నిటికంటె ఎక్కువగా పట్టుకొన్నది ఈ జంటల ఆట నియమమే. కాస్త ఓపికతో చదవండి.

చక్రాల కుర్చీ ఆటగాండ్లను రెండు తరగతులుగా విభజించారు. కాళ్లతో పాటు నడుము, పొట్ట కండరముల బలము కూడ తగ్గినవారు మొదటి తరగతి. కాళ్లు మాత్రమే దెబ్బతిని, నడుము గట్టిగా ఉన్నవారు రెండవ తరగతి. జంటగా ఆడునప్పుడు ఇద్దరి తరగతి సంఖ్యలు కూడితే మూడు దాటరాదు. ఒకటి, రెండు కలిస్తే మూడు; చెల్లుతుంది. ఒకటి, ఒకటి కలిస్తే రెండు; చెల్లుతుంది. రెండు, రెండు కలిస్తే నాలుగు, చెల్లదు. అనగా బలముగలవారిద్దరు జతకట్టి గెలుచుటకు వీలు లేదు. ప్రతి జట్టులోను తక్కువ బలము గలవారు ఒక్కరైనా ఉండి తీరవలెను. లేనియెడల అది జట్టే కాదు, కోర్టులోనికే రానియ్యరు.

సతోమి మొదటి తరగతి. ఆమెతో జతగా ఆడిన యుమా యమజాకి రెండవ తరగతి. వ్యక్తిగతముగా కూడ టోక్యోలో కాంస్య పతకము గెలిచిన గట్టి ఆటగత్తె ఆమె. ఎదుటి జట్టు సహజముగా బలహీనమైన వైపే షటిల్‌ను పంపుతుంది. బలముగలవారు ముందుకు వెనుకకు కదిలి కోర్టులో ఎక్కువ భాగమును కాపాడవలెను; బలము తక్కువైనవారు తమకు వచ్చినదానిని తప్పక తిరిగి కొట్టవలెను. ఎవరి పని వారు చేయకపోతే ఇద్దరును ఓడిపోతారు. పారిస్‌లో జంటల బంగారు పతకము చైనా జట్టునకు వెళ్లినది. వారిది కూడ ఒకటి, రెండు కలిసిన జంటయే.

కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పండ్రెండవ అధ్యాయములో పౌలు శరీరమును, అవయవములను గూర్చి వ్రాసినది మీరు ఎన్నిసార్లో విన్నారు. బలహీనముగా కనబడే అవయవములు ఉంటే మంచిదని కాదు, అవి లేకపోతే పనే జరగదని ఆయన వాదన. మేము ఇరవై ఏండ్లుగా ఆ అధ్యాయము మీద ప్రసంగిస్తున్నాము. ఎవరో ఆటల పెద్దలు కూర్చుండి దానిని రెండు అంకెల కూడికగా చేసి నియమముల పుస్తకములో వ్రాసి పెట్టారు. మన సంఘ కమిటీలకు ఈ కూడిక పెడితే ఎన్ని కోర్టులోనికి వస్తాయి?

ఇంత దూరము జపాను పోనక్కర లేకుండనే మన దగ్గర ఒక పోలిక ఉన్నది. ధర్మవరములో పట్టుచీర నేసే ఇండ్లను చూడండి. మగ్గపు గుంటలో కాళ్లు దించి తొక్కలేనివారు ఆ ఇండ్లలో ఉంటారు. ముసలి అవ్వ కావచ్చును, పోలియో వచ్చిన కొడుకు కావచ్చును. వారు ఒక ప్రక్కన కూర్చుండి కండెలు చుడతారు. కండె లేకపోతే నాడెలో ఏముంటుంది, మగ్గము ఎట్లు నడుస్తుంది? "పాపం, ఏదో ఒకటి చేసుకోనీలే" అని ఆ ఇంటివారు అనరు. కండె ఆలస్యమైతే గట్టిగానే అరుస్తారు. ఆ అరుపులో ఒక గౌరవమున్నది. చీర చుట్టి అంగడికి పోయేటప్పుడు అందులో ఆ చేతుల పని కూడ ఉన్నదని ఇంటిల్లిపాదికి తెలుసు.

మన మందిరములలో అట్లున్నదా?

హిందూపురం ప్రాంతములోని ఒక గ్రామములో ఒక యౌవనస్థుడున్నాడు. చింతకాయలు రాల్చుటకు చెట్టెక్కి కొమ్మ విరిగి పడ్డాడు. నడుము క్రింద స్పర్శ లేదు. చింతపండు అంగళ్లకు పేరుపడిన మన సీమలో ఇట్టి ప్రమాదములు క్రొత్త కాదు. మేము ఆ ఇంటికి వెళ్లినప్పుడు తల్లి ఏడ్చి, "ఏం పాపం చేసినామో అయ్యగారూ, మా నెత్తిన ఇట్ల పడె" అన్నది. ఆమె నోట ఆ మాట దానంతట అది రాలేదు. అంతకు ముందు వారమే ఎక్కడనుండియో వచ్చిన ప్రార్థన బృందమువారు, ఇంటిలో దాచిన పాపమేదో ఉన్నదనియు, విశ్వాసముంటే ఈపాటికి లేచి నడిచేవాడనియు చెప్పి పోయారట. రెండు కోళ్లు కూడ కోయించుకొని పోయారు. ఆ సంగతి మాకు తర్వాత తెలిసినది.

పుట్టు గ్రుడ్డివానిని చూచి, పాపము ఇతనిదా, కన్నవారిదా అని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ రెండును కాదన్నాడు. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయము. ఆయన కాదన్నదానిని మనము ఔననుట ఏ పాటి విశ్వాసము? స్వస్థత కొరకు ప్రార్థించవద్దని మేము ఎన్నడును చెప్పము. మేమును ప్రార్థిస్తున్నాము, ఆ అబ్బాయి మంచము ప్రక్కన మోకరించి ప్రార్థించాము. అయితే పౌలు మూడుసార్లు వేడుకొన్నను అతని ముల్లు తీయబడలేదు. త్రోఫిము రోగియై యుండగా పౌలు అతనిని మిలేతులో విడిచిపెట్టి రావలసి వచ్చినది. వీరెవరికి విశ్వాసము తక్కువ? దావీదు రాజు మెఫీబోషెతును తన బల్లయొద్ద కూర్చుండబెట్టుకొన్న తర్వాత కూడ అతని రెండు కాళ్లు కుంటివే అని ఆ అధ్యాయపు చివరి వచనము మరల జ్ఞాపకము చేయుచున్నది. దావీదు ఇవ్వగలిగినది కాళ్లు కాదు, చోటు. అది ఇచ్చాడు.

ఆ అబ్బాయి ఇంటర్ వరకు చదివినవాడు. తల్లి కళ్లు తుడుచుకొంటూ లోపలికి పోయిన తర్వాత మాతో ఇట్లన్నాడు: "నాకోసం ప్రార్థన చేసేవాళ్లు శానామంది వస్తారు అయ్యగారూ. నాకు పని చెప్పేవాళ్లు ఒక్కరూ రారు."

అతనికి పని చెప్పాము. సంఘపు కానుకల లెక్క వ్రాయుట, సండేస్కూలు పిల్లల హాజరు పట్టీ చూచుకొనుట. మొదటి నెల లెక్కలో ఎనభై రూపాయలు తేడా వచ్చినప్పుడు కోశాధికారి గారు "పోనీలే, పాపం" అనబోతే మేము అడ్డము వచ్చి, మరల కూడమని పుస్తకము అతని చేతికే ఇచ్చాము. రాత్రి కూర్చుండి కూడి తప్పు పట్టుకొన్నాడు. తప్పు అతనిది కాదు, కానుకల సంచి విప్పినవారిది. ఆ ఆదివారము అతని ముఖము చూడవలసినది.

మన దేశమునకు పారాలింపిక్స్ షటిల్ ఆటలో టోక్యోలో నాలుగు పతకములు, పారిస్‌లో ఐదు పతకములు వచ్చినవి. చాలా గొప్ప సంగతి. అయితే ఆ తొమ్మిదిలో ఒక్కటి కూడ చక్రాల కుర్చీ తరగతులలో వచ్చినది కాదు. ఆట కుర్చీ ఖరీదైనది. దానికంటె ముందు, కుర్చీలో ఉన్న బిడ్డ ఇల్లు దాటి వీధిలోనికి, వీధి దాటి బడికి, బడి నుండి ఆటస్థలమునకు పోగలిగి యుండవలెను. మన వీధులు, మన బడులు, మన బస్సులు ఎట్లున్నవో చెప్పనక్కర లేదు. అట్లని మన చుట్టుప్రక్కల ఎవరును సాధించలేదని కాదు. హిందూపురములో రైలెక్కితే చేరే బెంగళూరులోనే మాలతి హొళ్ల గారున్నారు. పసితనములోనే పోలియో వచ్చి, చక్రాల కుర్చీలోనే అంతర్జాతీయ పోటీలలో పాల్గొని, 1995లో అర్జున పురస్కారము, 2001లో పద్మశ్రీ పొందిన వ్యక్తి. తర్వాత వికలాంగ బిడ్డల కొరకు ఒక ఆశ్రయమును కూడ నడిపారు.

తల్లిదండ్రులకు రెండు మాటలు చెప్పి ముగిస్తాము. వైకల్యము నలభై శాతము గాని అంతకు మించి గాని ఉన్నదని ప్రభుత్వ వైద్యులు ఇచ్చే ధ్రువపత్రము తప్పక తీసికొనండి. సిగ్గుపడి ఇంటిలో కూర్చుంటే నష్టపోయేది బిడ్డ. మన రాష్ట్ర ప్రభుత్వము 2024 జూలై నుండి వికలాంగుల పింఛనును నెలకు 6,000 రూపాయలు చేసినది. పక్షవాతము మొదలైన వాటి వలన పూర్తిగా మంచమునకు, చక్రాల కుర్చీకి పరిమితమైనవారికి 15,000 రూపాయలు. ఆ డబ్బు బిడ్డ పేర వచ్చినది గనుక ముందు బిడ్డ కుర్చీకి, చదువుకు ఖర్చు పెట్టండి. అన్న పెండ్లికి కాదు.

ఇక సంఘ పెద్దలకు. ఆ అబ్బాయి లెక్కల పుస్తకముతో మొదటి ఆదివారము వచ్చినప్పుడు అతనిని కుర్చీతో సహా నలుగురు ఎత్తి లోపలికి తెచ్చారు. మార్కు సువార్తలోని ఆ నలుగురిని తలంచుకొని అందరును సంతోషించారు. అతడు మాత్రము సంతోషించలేదు. "ప్రతి వారం నలుగురిని ఎక్కడ వెతుక్కోవల్ల?" అన్నాడు. నిజమే. పెనుకొండ వైపున గాని, హిందూపురం వైపున గాని మనము కట్టుకొన్న మందిరములన్నియు ఎత్తు అరుగుల మీద ఉన్నవి. వాననీరు రాకూడదని పునాది ఎత్తు పెంచి, మెట్లు కట్టి, ఆ మెట్ల మీద దాతల పేర్లు చెక్కించాము.

మెట్ల ప్రక్కన ఒక వాలు కట్టించుటకు గొప్ప ఖర్చు కాదు. లెక్క ఇది: అరుగు ఎత్తు ఒక అడుగైతే వాలు పొడవు పండ్రెండు అడుగులుండవలెను. అడుగున్నర అయితే పద్దెనిమిది. మేస్త్రీలు స్థలము కలిసి వస్తుందని ఆరడుగులలోనే నిటారుగా దించుతామంటారు. ఒప్పుకొనవద్దు, కుర్చీ జారుతుంది. వెడల్పు నాలుగడుగులు. పైన నున్నగా పాలిష్ పెట్టించక గరుకుగా విడువవలెను, వానకు చక్రము జారకుండ. రెండు ప్రక్కల చేతికందే ఎత్తున ఇనుప గొట్టము. పైభాగమున తలుపు ముందర కుర్చీ ఆగి తిరుగుటకు ఐదడుగుల చదరము. మా మందిరములో అరుగు ఎత్తు కొలిచాము, రెండడుగుల మూడంగుళములు ఉన్నది. ఇరవై ఏడు అడుగుల వాలు కావలెను. తిన్నగా పోతే వేపచెట్టు అడ్డము వస్తున్నది గనుక నడుమ ఒక చదరము పెట్టి మలుపు త్రిప్పవలెనని మేస్త్రీ చెప్పాడు. ఇసుక తోలించాము. సిమెంటు లెక్క ఆ అబ్బాయియే వ్రాస్తున్నాడు.